తీరంలో అతిథి ఎవరు?

బాపట్ల జిల్లాలోని మోటుపల్లి నేడొక చిన్న గ్రామం. ఒకప్పుడు అది తూర్పు తీరంలోని ప్రసిద్ధమైన రేవులలో ఒకటన్న సంగతికి సాక్ష్యంగా అక్కడి వీరభద్రాలయంలో ఒక శిలాస్తంభం నిలిచి ఉన్నది. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244-45 సంవత్సరంలో దానిపై ఒక అభయశాసనాన్ని చెక్కించాడు. దేశాంతరాలకు బయలుదేరిన ఓడలు తుపానులో చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకువచ్చినప్పుడు వాటిలోని సరుకును పూర్వరాజులు బలవంతంగా స్వాధీనం చేసుకొనేవారు. ఇకమీదట అలా జరగదని, ప్రాణాలకు తెగించి సముద్రయానం చేసే వర్తకుల నుండి నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని చక్రవర్తి ఆ శాసనంలో ప్రకటించాడు.

ఆంధ్రదేశ వాణిజ్య చరిత్రకు ఆ శాసనం ముఖ్యమైన ఆధారమన్నది పండితులకు తెలిసిన విషయమే. నీతిశాస్త్ర దృష్టితో చదివినప్పుడు అందులో మరొక విశేషం కనిపిస్తుంది. ఒడ్డున పడిన పరాయివానికి అక్కడ అభయం లభించింది, దానితోపాటు సుంకమూ విధించబడింది. వచ్చినవాడు ఎక్కడివాడన్న ప్రశ్న వేయకుండానే, వచ్చినవాడు ఏ నియమానికి లోబడాలన్నది రాజు నిర్ణయించాడు. ఆదరణ ఉన్నచోటనే హద్దు కూడా ఉండాలన్న వివేకం ఆ రాతిలో ఉన్నది.

తీరమంటేనే రాకపోకలకు నెలవు. అయితే ఓడలతో వచ్చినవి మనుషులు, సరుకులు మాత్రమే కావు. విత్తనాలు వచ్చాయి, జంతువులు వచ్చాయి, ఓడల అడుగుభాగానికి అంటుకొని కంటికి కనిపించని ప్రాణులు వచ్చాయి. వాటిలో కొన్ని ఈ నేలలో కలిసిపోయాయి. కొన్ని పాతకాపులను పక్కకు నెట్టి తామే స్థిరపడ్డాయి. వీటిలో ఏది అతిథి, ఏది ఆక్రమణదారు? ఆ తీర్పు చెప్పే అర్హత ఎవరిది? తీర్పు చెప్పిన తరువాత ఒక ప్రాణిని తొలగించే హక్కు మనిషికి ఎక్కడి నుండి వచ్చింది? ఇవి వృక్షశాస్త్రజ్ఞులకో, అటవీ అధికారులకో వదిలివేయదగిన ప్రశ్నలుగా కనిపించవచ్చు. నిజానికి ఇవి ధర్మానికి సంబంధించిన ప్రశ్నలు.

పుట్టిన చోటు నేరం కాదు

ముందుగా ఒక అపోహను తొలగించుకోవడం అవసరం. పరాయి దేశం నుండి వచ్చినదంతా హానికరమేనన్న భావన చరిత్ర ముందు నిలువదు. ఐదువందల ఏళ్ళ క్రితం తెలుగువారి వంటింట మిరపకాయ లేదు. అమెరికా ఖండానికి చెందిన ఆ పంట పోర్చుగీసువారి ఓడలలో భారతదేశానికి చేరింది. నేడు గుంటూరు పేరు చెబితే మిరప గుర్తుకు వస్తుంది. జీడిమామిడి కూడా బ్రెజిల్ నుండి పోర్చుగీసువారు తెచ్చినదే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో అది తరతరాల జీవనాధారమైంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తీరాన్ని తాకి కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలమట్టం చేసినప్పుడు అక్కడి రైతులు సొంతవాటిని కోల్పోయినట్లే దుఃఖించారు. ఆ చెట్లు ఏ ఖండానివన్న ఆలోచన అప్పుడు ఎవరికీ రాలేదు.

అంతర్జాతీయ విజ్ఞాన సమాజం లెక్కలు కూడా ఇదే చెబుతున్నాయి. జీవవైవిధ్యంపై ప్రభుత్వాలకు సలహాలిచ్చే అంతర్జాతీయ శాస్త్రవేత్తల వేదిక 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం, మానవ కార్యకలాపాల వలన ప్రపంచంలో తమవి కాని ప్రాంతాలకు చేరి స్థిరపడిన జాతులు 37,000కు పైగా ఉన్నాయి. వాటిలో హాని కలిగిస్తున్నవిగా తేలినవి 3,500కు పైగా. అంటే వచ్చినవాటిలో పదింట తొమ్మిది ఏ పెద్ద కీడూ చేయకుండానే బ్రతుకుతున్నాయి. మిగిలిన ఆ ఒక్క వంతు చేసిన నష్టం మాత్రం సామాన్యమైనది కాదు. ప్రపంచంలో నమోదైన జాతుల అంతర్ధానాలలో 60 శాతం సందర్భాలలో వాటి పాత్ర ఉన్నదని, కొన్నిచోట్ల అవే ఏకైక కారణమని, మరికొన్నిచోట్ల ఇతర కారణాలతో కలిసి పనిచేశాయని ఆ నివేదిక పేర్కొన్నది.

కాబట్టి విచారించవలసినది పుట్టుకను కాదు, నడవడిని. ఒక జాతి ఎవరి సాయమూ లేకుండా వ్యాపించి, ఇతర ప్రాణుల ఆహారాన్ని, చోటును, వెలుతురును హరించివేసినప్పుడే అది ఆక్రమణశీలమవుతుంది. ఈ భేదాన్ని స్పష్టంగా ఉంచుకోవడానికి మరొక కారణం కూడా ఉన్నది. చొరబాటు, దండయాత్ర, పరాయితనం వంటి మాటలు మనుషుల విషయంలో ఎంతటి అనర్థానికి దారితీశాయో చరిత్ర చదివినవారికి తెలుసు. మొక్కలను గురించి అజాగ్రత్తగా వాడిన మాట రేపు మనుషులను గురించిన మాటగా మారకూడదు.

సరుగుడు నీడ

నడవడిని బట్టి తీర్పు చెప్పడం సులభమనుకొంటే అది పొరపాటు. తూర్పు తీరంలోని సరుగుడు చెట్టు కథ ఇందుకు మంచి ఉదాహరణ. ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా తీరాలకు చెందిన ఈ చెట్టును 19వ శతాబ్దిలో దక్షిణ భారతదేశపు తీరాలలో విరివిగా నాటించారు. మద్రాసు నగరపు పొయ్యిలకు, ఆనాటి రైలింజన్లకు వంటచెరకు, ఇంధనం కావలసివచ్చాయి. ఇసుకలోనూ పెరిగే చెట్టు, వేళ్ళలోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని స్వీకరించగల చెట్టు, నాలుగైదేళ్ళలో నరకడానికి సిద్ధమయ్యే చెట్టు ఇంతకంటె మరొకటి దొరకలేదు. నేడు నెల్లూరు, ప్రకాశం జిల్లాల రైతులకు సరుగుడు తోట ఒక నమ్మకమైన పంట. గుంజలకు, కాగితపు మిల్లులకు దాని కలప తరలిపోతున్నది.

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో పదివేలకు పైగా ప్రజలు మరణించారు. ఆ విషాదం తరువాత తీరం పొడవునా రక్షక వనాలను పెంచాలన్న సంకల్పం బలపడింది. ఒడిశాలో 1999 అక్టోబరు పెను తుపాను తరువాత, తూర్పు తీరమంతటా 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత అదే సంకల్పం మళ్ళీ కార్యరూపం ధరించింది. ప్రతిసారీ ఎక్కువగా ఎంపికైన చెట్టు సరుగుడే. గాలి వేగాన్ని తగ్గించడంలో, ఎగిరే ఇసుకను ఆపడంలో దాని ఉపకారాన్ని కాదనడం కృతఘ్నత.

అయితే అదే ఇసుకపై మరొక హక్కుదారు ఉన్నది. ఏటా జనవరి నుండి ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. ఒడిశాలోని గహిర్మాత తీరంలో, ఋషికుల్యా నదీముఖం వద్ద అవి లక్షల సంఖ్యలో ఒకేసారి ఒడ్డెక్కుతాయి. శ్రీకాకుళం నుండి నెల్లూరు వరకు ఆంధ్ర తీరంలో విడివిడిగా వచ్చి గూళ్ళు పెడతాయి. ఒక్కొక్క తాబేలు ఇసుకను తవ్వి వంద, నూటయిరవై గుడ్లను పూడ్చి మళ్ళీ కడలిలోకి వెళ్ళిపోతుంది. సుమారు 45 నుండి 60 రోజులలో పిల్లలు వెలువడతాయి. గూటిలోని ఇసుక వెచ్చదనాన్ని బట్టి పుట్టబోయేది ఆడదో మగదో నిర్ణయమవుతుంది. ఇసుక వేడెక్కితే ఆడపిల్లలు, చల్లబడితే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి.

సరుగుడు తోటను అలల అంచు వరకు నాటినప్పుడు ఈ ఏర్పాటంతా చెదిరిపోతుంది. రాలిన సరుగుడు పుల్లలు చాపవలె పరుచుకొంటాయి. వేళ్ళు తవ్వకానికి అడ్డుపడతాయి. నీడ ఇసుక వేడిని మారుస్తుంది. మొగలిపొదలు, ఇసుకను అల్లుకొని పట్టి ఉంచే తీగలు, ముళ్ళగడ్డి ఆ నీడలో క్షీణిస్తాయి. ఒడిశాలోని దేవీ నదీముఖం వద్ద సరుగుడు తోటల వలన తాబేళ్ళకు అనువైన తీరం కుదించుకుపోయిందని పరిశోధకులు గుర్తించారు. ఇదే చెట్టు అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో తాబేళ్ళ గూళ్ళకు ఆటంకమైన ఆక్రమణశీల జాతిగా ప్రకటించబడింది. ఒక తీరంలో రక్షకుడిగా గౌరవం పొందిన చెట్టే మరొక తీరంలో ముద్దాయిగా నిలబడింది.

మత్స్యకారుని గుడిసె ముఖ్యమా, తాబేలు గూడు ముఖ్యమా అని ప్రశ్నించేవారు ఈ సమస్యను అసత్యమైన రూపంలో చూపుతున్నారు. చెట్టుకు, తాబేలుకు మధ్య విరోధం లేదు. విరోధమంతా చెట్టును ఎక్కడ నాటాలన్న మనిషి నిర్ణయంలో ఉన్నది. పోటునీటి గీతకు, తోటకు మధ్య కొన్ని పదుల మీటర్ల ఇసుకను ఖాళీగా విడిచిపెడితే, ఆ ఇసుకపై స్థానికమైన తీగలను, గడ్డిని పెరగనిస్తే, తోట వెనుక మొగలిని, తాటిని కలిపి పెంచితే ఊరికి రక్షణ దొరుకుతుంది, గూటికి చోటు మిగులుతుంది. మోటుపల్లి శాసనంలోని సుంకం వంటిదే ఈ ఖాళీ స్థలం. అతిథిని వెళ్ళగొట్టనవసరం లేదు, కూర్చోదగిన చోటు చూపితే చాలు.

పేరే చెప్పే సాక్ష్యం

అన్ని అతిథులూ ఇంత సులభంగా మాట వినవు. మధ్య, దక్షిణ అమెరికాలకు చెందిన ఒక ముళ్ళచెట్టును 1870ల దశకంలో మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రవేశపెట్టారు. మొదట నాటిన చోట్లలో కడప జిల్లా కమలాపురం ఒకటి. కరువు ప్రాంతాలకు వంటచెరకు అందించాలన్నది నాటి అటవీ అధికారుల ఉద్దేశం. ఉద్దేశంలో దోషం లేదు. దాని తీయని కాయలను పశువులు తిన్నాయి, పేడతో పాటు విత్తనాలు ఊరూరా చేరాయి. చవుడు నేలను, ఉప్పునీటి గాలిని సహించగల ఆ చెట్టు తీరప్రాంతపు బయళ్ళను, చెరువు గట్లను, సరస్సుల అంచులను కమ్మివేసింది. నరికితే మొదలు నుండి మళ్ళీ చిగురిస్తుంది. రాజహంసలు దిగే పులికాట్ పరిసరాలలోనూ దాని పొదలు కనిపిస్తాయి.

తెలుగువారు దానికి పెట్టిన పేర్లలో ఒకటి సర్కారు తుమ్మ. అధికారిక దస్త్రాలు చెదలు పట్టవచ్చు, ఉత్తర్వులపై సంతకాలు చెరిగిపోవచ్చు, జనం నాలుకపై నిలిచిన పేరు మాత్రం ఆ చెట్టును ఎవరు తెచ్చారో నూటయాభై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నది. పరిపాలనలో ఉన్నవారు ఆలోచించవలసిన విషయమిది. ఒక అధికారి ఒక హోదాలో ఉండేది మూడేళ్ళో, ఐదేళ్ళో. ఆయన నాటించిన విత్తనం ఆయుష్షుకు ఆ లెక్క వర్తించదు. మంచి సంకల్పం దుష్ఫలితాన్ని ఆపలేదు, బాధ్యతను తగ్గించనూ లేదు.

ఇక్కడే మరొక చిక్కుముడి ఉన్నది. నేడు ఆ తుమ్మను పూర్తిగా నిర్మూలించాలని ఆజ్ఞ జారీ అయితే మొదట నష్టపోయేది ఎవరు? దాని పుల్లలతో పొయ్యి వెలిగించుకొనే పేదరాలు, దాని కర్రతో బొగ్గు కాల్చి బ్రతికే కూలివాడు. చెట్టును తెచ్చిన నిర్ణయంలో వారి ప్రమేయం లేదు. తీసివేసే ఖర్చును మాత్రం వారి పొయ్యి నుండి రాబట్టడం ఏ ధర్మం? తమిళనాడు తీరంలోని మన్నార్ సింధుశాఖలోనూ ఇటువంటి సమస్యే తలెత్తింది. ఫిలిప్పీన్స్ మూలం గల ఒక సముద్రపు నాచును అక్కడ జీవనోపాధి కోసం సాగు చేయించారు. ఎందరో మత్స్యకార స్త్రీలకు అది ఆదాయాన్నిచ్చింది. 2008 నాటికి అది కురుసడై దీవి వద్ద పగడపు దిబ్బలపైకి పాకినట్లు పరిశోధకులు నివేదించారు. పగడాన్ని కాపాడాలి, ఆ స్త్రీల ఆదాయాన్నీ కాపాడాలి. రెంటిలో ఒకదాన్ని మరచిన పరిష్కారం పరిష్కారం కాదు.

భారతీయ సంప్రదాయంలో ప్రాయశ్చిత్తమన్న భావన ఉన్నది. తప్పు చేసినవాడే దానిని ఆచరించాలన్నది అందులోని మొదటి నియమం. ఇతరులపై మోపినది ప్రాయశ్చిత్తం కాదు, మరొక తప్పు. ఆక్రమణశీల జాతిని తొలగించే పనిని శిక్షగా కాక ప్రాయశ్చిత్తంగా భావించినప్పుడు, దాని భారం ఎవరు మోయాలన్న ప్రశ్నకు సమాధానం దానంతటదే దొరుకుతుంది. తెచ్చినవారు, తెచ్చినందువలన లాభపడినవారు మోయాలి. బలహీనులకు ప్రత్యామ్నాయం చూపిన తరువాతనే గొడ్డలి ఎత్తాలి.

నోరులేని నేరస్థులు

చెట్టును నరకడానికి మనస్సు అంగీకరించినంత సులభంగా జంతువును చంపడానికి అంగీకరించదు. అండమాన్ దీవులలో తెలుగు కుటుంబాలు ఎన్నో తరాలుగా స్థిరపడి ఉన్నాయి. మధ్య అండమాన్‌కు పడమటి వైపున ఇంటర్‌వ్యూ దీవి అనే చిన్న దీవి ఉన్నది. కలప వ్యాపారం కోసం అక్కడికి ఏనుగులను తరలించారు. 1962లో ఆ వ్యాపార సంస్థ మూతపడినప్పుడు సుమారు నలభై ఏనుగులను ఆ దీవిలోనే విడిచి వెళ్ళిపోయారు. ఏనుగులు లేకుండా వేల ఏళ్ళు పెరిగిన అడవి అది. ఆ చెట్లకు ఏనుగు ఆకలి తెలియదు. కాలక్రమంలో కొన్ని జాతుల చెట్లు, మొక్కలు తగ్గిపోయాయని పరిశీలకులు నమోదు చేశారు. వేట వినోదం కోసం బ్రిటిషువారు తెచ్చి వదిలిన చుక్కల జింకలు కూడా, వేటాడే పులి లేని ఆ దీవులలో విస్తరించి, లేత మొక్కలను మేసి, అడవి పునరుత్పత్తిని దెబ్బతీశాయి.

ఇక్కడ చట్టానికి కూడా ఒక పరీక్ష ఎదురవుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించినప్పుడు ఆక్రమణశీల విదేశీ జాతులకు అందులో మొదటిసారి నిర్వచనం చేర్చారు. భారతదేశానికి స్థానికం కానిదై, వన్యప్రాణులకు గాని వాటి ఆవాసాలకు గాని ముప్పు తేగల జాతి అన్నది దాని సారాంశం. ఏనుగు, చుక్కల జింక భారతదేశానివే. అందుచేత ఆ నిర్వచనంలోకి అవి రావు. దేశానికి పటం మీద ఒక సరిహద్దు ఉంటే, ప్రకృతికి అదే దేశంలో వేల సరిహద్దులు ఉన్నాయి. ఒక దీవి చుట్టూ ఉన్న సముద్రమే దాని సరిహద్దు. స్వదేశీ, విదేశీ అన్న మాటలు ధర్మనిర్ణయానికి ఎంత అసమగ్రమైన సాధనాలో ఈ ఉదాహరణ తెలుపుతుంది.

మరి ఆ జంతువులను ఏమి చేయాలి? ఒక పక్షం వారు ప్రతి ప్రాణి బాధా సమానమే కనుక చంపకూడదంటారు. మరొక పక్షం వారు అడవి మొత్తం నశిస్తున్నప్పుడు కొన్ని ప్రాణాలను త్యాగం చేయక తప్పదంటారు. అశోకుడు పట్టాభిషిక్తుడైన 26 ఏళ్ళకు వేయించిన ఐదవ స్తంభశాసనంలో, చంపకూడని ప్రాణుల పట్టిక ఉన్నది. అందులో తాబేలు కూడా ఒకటని పండితులు వివరించారు. అకారణంగా అడవులను తగులబెట్టరాదన్న నిషేధమూ అందులోనే ఉన్నది. విడి ప్రాణిపై దయ, ఆ ప్రాణులకు నీడనిచ్చే అడవిపై శ్రద్ధ ఒకే శాసనంలో పక్కపక్కన నిలిచాయి. ఒకదానికోసం మరొకదాన్ని విస్మరించడం దయ కానేరదు.

ఈ రెంటినీ కలిపి ఆలోచిస్తే ఒక మార్గం కనిపిస్తుంది. నేరం జంతువుది కాదు గనుక దానిపై కోపం ఉండరాదు. మొదట తరలింపు, సంతాన నియంత్రణ వంటి మృదువైన మార్గాలను నిజాయితీగా ప్రయత్నించాలి. అవి విఫలమై, తొలగించడం తప్పనిసరి అయినప్పుడు కనీస బాధతో, బహిరంగ నిర్ణయంతో, చేస్తున్నది విచారకరమైన పని అన్న స్పృహతో చేయాలి. ఏమీ చేయకుండా ఉండటం కూడా ఒక నిర్ణయమేనని, దాని మూల్యాన్ని నోరులేని మొక్కలు, పక్షులు చెల్లిస్తున్నాయని గుర్తుంచుకోవాలి.

రేవు ద్వారం వద్ద

వచ్చిన తరువాత పడే ఈ వేదన కంటె రాకముందు చూపే జాగ్రత్త మేలు. పసిఫిక్ మహాసముద్రపు అమెరికా తీరానికి చెందిన వనామీ రొయ్యకు 2009లో అధికారికంగా అనుమతి లభించింది. కొద్ది ఏళ్ళలోనే అది కోస్తా చెరువులలో టైగర్ రొయ్య స్థానాన్ని చాలావరకు ఆక్రమించింది. వేల కుటుంబాలకు సంపదనిచ్చింది కనుక దానిని ఆక్రమణదారు అనడానికి ఎవరి నోరూ రాదు. లాభం తెచ్చిన పరాయిని అతిథి అని, నష్టం తెచ్చిన పరాయిని శత్రువు అని పిలిచే అలవాటు మనిషిది. అయితే వనామీ విషయంలో ఒక మంచి ఆచారం పాటించబడింది. నిర్దిష్ట వ్యాధులు లేనివిగా ధ్రువపడిన తల్లి రొయ్యలను మాత్రమే, అదీ చెన్నైలోని క్వారంటైన్ కేంద్రం ద్వారానే దిగుమతి చేసుకోవాలన్న నియమం ఏర్పడింది. మోటుపల్లి సుంకపు చావడికి ఇది ఆధునిక రూపం.

పిలవకుండా వచ్చేవాటికి ఇటువంటి చావడి లేదు. ఓడలు సమతూకం కోసం ఒక రేవులో నింపుకొని మరొక రేవులో వదిలే నీటిలో ఎన్నో జీవులు ప్రయాణిస్తాయి. ఆ నీటిని శుద్ధి చేసి వదలాలన్న అంతర్జాతీయ ఒడంబడిక 2004లో రూపొందినా 2017 సెప్టెంబరులో గాని అమలులోకి రాలేదు. ఆ మధ్యకాలపు ఆలస్యానికి మూల్యం తీరాలు చెల్లించాయి. దక్షిణ అమెరికాకు చెందిన ఒక రకపు ఆల్చిప్ప కేరళ ఉప్పుటేరులలో స్థిరపడి, ఇటీవలి సంవత్సరాలలో ఎన్నూరు, పులికాట్ జలాలలో కూడా అడుగున పరుచుకొన్నది. నీటిలో కూర్చొని చేతులతో తడిమి రొయ్యలను పట్టుకొనే మత్స్యకారులకు అక్కడ ఇప్పుడు ఇసుకకు బదులు చిప్పలు తగులుతున్నాయి. మహానౌకల యజమానులకు, ఆ చేతులకు మధ్య ఉన్న దూరమే ఈ సమస్యలోని అసలు అన్యాయం.

విహారి ధర్మం

ఇంతవరకు మొక్కలను, జంతువులను గురించి విచారించిన కొలతతోనే విహారానికి వచ్చే మనిషిని కూడా కొలవడం న్యాయం. విశాఖపట్నం, సూర్యలంక, మంగినపూడి తీరాలకు సెలవుదినాలలో వేలాదిమంది వెళతారు. సముద్రాన్ని చూడాలన్న కోరిక సహజమైనది, ఆరోగ్యకరమైనది. సముద్రాన్ని చూడనివానికి దానిని కాపాడాలన్న తలంపు కూడా రాదు. అయితే ఆ ఇసుకపై విహారి సొంతదారు కాడు, అతిథి.

రాత్రివేళ గూటి నుండి వెలువడిన తాబేలు పిల్లలు వెలుతురు ఉన్న దిక్కును సముద్రంగా భావించి నడుస్తాయి. తీరంలోని దీపాలు వాటిని ఊరి వైపు మళ్ళిస్తాయి. ఇసుకపై నడిపిన వాహనం గూటిని అణచివేస్తుంది. పారవేసిన తిండి కుక్కలను తీరానికి అలవాటు చేస్తుంది. ఆ కుక్కలే తరువాత గుడ్లను తవ్వి తింటాయి. కుక్క కూడా మనిషి వెంట తీరానికి చేరిన జంతువే. తాబేలు కనిపించినప్పుడు దూరంగా నిలబడటం, దానిపై దీపం వేయకపోవడం, గూడు కనిపిస్తే తాకకుండా అటవీ సిబ్బందికి తెలియజేయడం, తెచ్చిన వస్తువులను తిరిగి తీసుకుపోవడం అతిథి మర్యాదలు.

అతిథి మర్యాదలో తన క్షేమం కూడా భాగమే. పర్వదినాలలో తప్ప సముద్రాన్ని తాకరాదని, దిగేముందు నమస్కరించాలని పెద్దలు విధించిన నియమంలో భక్తితో పాటు భయమూ ఉన్నది. ఆ భయానికి కారణాన్ని నేటి విజ్ఞానం వివరిస్తుంది. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు కొన్నిచోట్ల ఒక సన్నని పాయగా వేగంగా వెనుకకు పోతుంది. అలలు విరగని, ప్రశాంతంగా కనిపించే ఆ భాగమే స్నానానికి అనువైనదని కొత్తవారు భ్రమపడతారు. అందులో చిక్కినవాడు ఎదురీది అలసిపోతాడు. భయపడకుండా తేలుతూ, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది ఆ పాయ నుండి బయటపడి, తరువాత అలలతో ఒడ్డుకు చేరడం సరైన పద్ధతి. ఈత రానివారు లోతుకు పోకపోవడం, హెచ్చరిక జెండాలను, గజ ఈతగాళ్ళ మాటను పాటించడం అంతకంటె మంచి పద్ధతి.

ఎవరి ప్రాణం వారిష్టమన్న వాదన ఇక్కడ చెల్లదు. మునిగిపోతున్నవానిని చూచి ఒడ్డున ఉన్న మత్స్యకారుడు ఊరకుండలేడు. తనవారెవరో కూడా తెలియని మనిషి కోసం అలలలోకి దూకుతాడు. ఒకని అజాగ్రత్త మరొకని ఇంటి దీపాన్ని పందెం కాస్తుంది. ఆలోచించకుండా విత్తనం చల్లిన అధికారికి, ఆలోచించకుండా అలలలోకి దిగిన విహారికి మధ్య ఒక పోలిక ఉన్నది. ఇద్దరూ తమ చర్య ఫలితం తమతోనే ఆగిపోతుందనుకొన్నారు.

మొత్తంమీద తీరం నేర్పే ధర్మం సంక్లిష్టమైనది కాదు. ఎక్కడి నుండి వచ్చావని అడగడం కంటె, వచ్చినచోట ఇతరులకు చోటు మిగిల్చావా అని అడగడం సరైన ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పుకోలేని చెట్టు తరఫున, జంతువు తరఫున వాటిని తెచ్చిన మనిషే సమాధానం చెప్పాలి. సరుగుడు మొక్కను ఏ గీత వద్ద నాటాలి, ఏ ఓడ నీటిని పరీక్షించాలి, ఏ తీరంలో దీపాలను తగ్గించాలి అన్నవి చిన్న చిన్న కార్యాలయ నిర్ణయాలుగా కనిపించవచ్చు. వాటి ఫలితాలను చూసేవారు వేరు. ఈ ఏడు ఇసుక నుండి బయటపడి కడలిలోకి వెళ్ళిన ఆడ తాబేలు పిల్ల బ్రతికి బట్టకడితే, సుమారు పది పదిహేనేళ్ళకు గుడ్లు పెట్టడానికి మళ్ళీ ఒడ్డును వెదుక్కొంటుంది. నేటి దస్త్రాలపై సంతకాలు చేసినవారు అప్పటికి వేరే హోదాలలోనో, విశ్రాంతిలోనో ఉంటారు. ఆ తాబేలుకు తవ్వుకోవడానికి కాస్త ఇసుక మిగిలి ఉండాలి.